లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ళు రిమైండర్ మెయిల్ ఆపేశారని మీలో ఎంతమందికి తెలుసు? అసలు మనం ఏం చదవాలి?

గట్టుమీద_చెట్టు · రాజమండ్రి · ఆదివారం, 11 జనవరి 2026, తెల్లవారుజాము 1:40

అందరికీ నమస్కారమండి. నిద్ర పట్టక రాస్తున్నాను, పొడుగైతే ఏమీ అనుకోకండి.

మాదొక ప్రైవేటు కాలేజీ. ఐటీ డిపార్ట్‌మెంటు అంటే నేనూ, ఇంకో కుర్రాడూ. కాలేజీ సైటు, ఫీజు పోర్టల్ రెండూ ఒకే ఉబుంటు లినక్స్ సర్వర్ మీద, ఎన్‌జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ వెనకాల నడుస్తాయి. సైటు అసలుదేనని బ్రౌజర్‌కి చూపే సర్టిఫికెట్, వాటిని ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థది. నిన్న రాత్రి తొమ్మిదింటికి ప్రిన్సిపాల్ గారి ఫోను: "సైటు తెరిస్తే ఎర్రగా ఏదో వస్తోందయ్యా, హ్యాకింగా?" పండగ ముందు ఫీజు కట్టడానికి నిన్నే ఆఖరి రోజు. నేను ల్యాప్‌టాప్ తెరిచేలోపే స్క్రీన్‌షాట్లు పేరెంట్స్ గ్రూపులన్నీ తిరిగొచ్చి నాకే చేరాయి.

సర్టిఫికెట్ గడువు అయిపోయిందండి, అంతే. నా గోడంతా ఏమిటంటే, ఇదివరకు గడువు దగ్గర పడితే లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి మెయిల్ వచ్చేది. దాని మీదే భరోసా పెట్టుకున్నాను. ఈసారి రాలేదు. స్పామ్ అంతా గాలించాను. చివరికి తెలిసిందేమిటంటే ఆ మెయిళ్ళు పంపడం 2025 జూన్ 4తోనే ఆపేశారట. ఆ సంగతి జనవరిలోనే ప్రకటించారట. ఏడాది కిందటి మాట!

నేను సోమరినేమీ కాదండి. యూట్యూబ్‌లో నలభై టెక్ ఛానెళ్ళు ఫాలో అవుతాను. మూడు వాట్సాప్ గ్రూపులున్నాయి. ఏ కంపెనీ ఎంతమందిని తీసేసిందో, ఏ ఏఐ మోడల్ ఎప్పుడొచ్చిందో అడగండి, చెప్తాను. నా తిండి పెట్టే సర్వర్‌కి సంబంధించిన ఈ ఒక్క ముక్క మాత్రం నా దాకా రాలేదు. మీరంతా ఏం చదువుతున్నారండి?

అన్నట్టు సైటు ఇంకా లేవలేదు. సర్టిఫికెట్ తెచ్చిపెట్టే సర్ట్‌బాట్ ప్రోగ్రామ్‌తో రెన్యూ కొడితే ఫెయిల్. ఐదారుసార్లు కొట్టాక ఇప్పుడు "టూ మెనీ ఫెయిల్డ్ ఆథరైజేషన్స్" అంటోంది.

నల్గొండ_నెట్‌వర్క్ · 1:55

అన్నా, ముందుగాల ఆ కమాండ్ కొట్టుడు ఆపు. ఒక్క హోస్ట్‌నేమ్‌కు గంటల 5 సార్లు ఫెయిలైతే వాళ్ళు నిన్ను పక్కకు నిలబెడ్తరు. గంటసేపు సల్లగ కూసో. గీలోపట డ్రై-రన్, అంటే ఉత్త ట్రయల్, పెట్టి చూడు, అది వాళ్ళ స్టేజింగ్ (టెస్టింగ్) సర్వర్‌కు పోతది, అసలు కోటా ఖర్చు గాదు. లెట్స్‌ఎన్‌క్రిప్ట్ లాగ్ ఫైల్ తెరిచి ఆఖరి ఇరవై లైన్లు ఈడ పెట్టు.

గట్టుమీద_చెట్టు · 2:09

ఒక లైను తేడాగా ఉందండి. "టైమౌట్ డ్యూరింగ్ కనెక్ట్, లైక్లీ ఫైర్‌వాల్ ప్రాబ్లమ్".

నల్గొండ_నెట్‌వర్క్ · 2:13

ఇగ గదే నీ జవాబు. 80 పోర్టు, అంటే మామూలు హెచ్‌టీటీపీ వచ్చే తలుపు, ఎవడో మూసిండు. హెచ్‌టీటీపీఎస్ వచ్చే 443 తెరిచే ఉన్నదంటవు, అది సరిపోదు. వాళ్ళు నీకో టోకెన్ ఇస్తరు, నీ సర్ట్‌బాట్ దాన్ని డాట్ వెల్-నోన్ ఫోల్డర్ల పెడ్తది, వాళ్ళు బయటికెళ్ళి వచ్చి 80 మీద తలుపు కొట్టి అది సదివి పోతరు. ఈ తీరు చాలెంజ్ ఎప్పుడైనా 80 తోనే షురూ అయితది. డీఎన్ఎస్ చాలెంజ్ అయితే ఏ పోర్టు అక్కర్లేదు, టెక్స్ట్ రికార్డ్ పెడ్తె చాలు. కని అర్ధరాత్రి గా లొల్లి వద్దు. ఫైర్‌వాల్ చూడు.

గట్టుమీద_చెట్టు · 3:04

లేచిందండీ! నల్గొండ అన్నా, మీ రుణం ఉంచుకోను.

నవంబరులో ఆడిట్‌వాళ్ళు వచ్చి "పోర్ట్ 80 ఓపెన్" అని రిపోర్టులో ఎర్రగీత పెట్టారు. ఫైర్‌వాల్ చూసే వెండర్ దాన్ని మూసేసి మెయిల్ పెట్టాడు. అందులో నేను సీసీలో ఉన్నాను! "నోటెడ్" అని జవాబు కూడా ఇచ్చాను. లాగ్ వెనక్కి జరిపి చూస్తే డిసెంబరు 11 నుంచి రోజుకి రెండుసార్లు అదే లైను. నెల్లాళ్ళు.

ఇప్పుడు 80 తెరిచి, వచ్చినవన్నీ 443కి మళ్ళించాను. నేనడిగింది మాత్రం మిగిలే ఉంది. పడుకుంటానండి.

పాతకాపు_విశాఖ · ఆదివారం, ఉదయం 7:20

చెట్టుగారూ, నిద్ర లేచాక చదవండి.

మీకు వార్త అందలేదన్నది నేను ఒప్పుకోను. మీ సర్వరు నెల్లాళ్ళపాటు పూటకోసారి మీకు చెప్పింది. కారణం, "ఫైర్‌వాల్ అయ్యుండొచ్చు" అన్న అనుమానంతో సహా చెప్పింది. మీరేమో ఆ నెలంతా ఏఐ మోడళ్ళ సంగతులు చూస్తూ కూర్చున్నారు. కోప్పడటం లేదు, నేనూ అలాగే గడిపినవాణ్ణి. ఈ పనిలో ఇరవై రెండేళ్ళయింది కాబట్టి చెప్తున్నాను.

నేను చేసేది చాలా పాతకాలం పద్ధతి. ఒక టెక్స్ట్ ఫైలుంది. నేను నడిపే ప్రతిదానికీ అందులో ఒక లైను. పేరు, వెర్షను, ఏ మెషీన్ మీద ఉంది, సపోర్టు ఎప్పటితో ఆఖరు, దాని ప్రకటనలు ఎక్కడొస్తాయి. ప్రస్తుతం 31 లైన్లు. ఆ ఆఖరి గడిలో ఉన్నవే నేను చదివే వార్తలు. ఉబుంటుకి సెక్యూరిటీ నోటీసులు, డెబియన్‌కి డెబియన్-సెక్యూరిటీ-అనౌన్స్ మెయిలింగ్ లిస్టు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఒక్కో పెద్ద వెర్షన్‌కి 5 ఏళ్ళు సపోర్టిస్తుంది, చిన్న రిలీజులు ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరుల్లో వస్తాయి, అవి క్యాలెండర్లో పెట్టుకుంటే చాలు. మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌లు నెలలో రెండో మంగళవారం. మనకి చలికాలంలో రాత్రి 11:30, మిగతా రోజుల్లో 10:30. అంటే ఈ నెలవి ఎల్లుండి రాత్రే వస్తున్నాయి. పండగ మూడ్‌లో ఉన్నవాళ్ళు కాస్త గుర్తుంచుకోండి.

అన్నీ ఆర్ఎస్ఎస్ రీడర్‌లో పెట్టాను, సైట్లలో కొత్తగా వచ్చినవన్నీ ఒకేచోట చూపిస్తుంది. 2013లో గూగుల్ రీడర్ మూసేసినప్పుడు ఆర్ఎస్ఎస్ చచ్చిపోయిందన్నారు. చావలేదు. గిట్‌హబ్‌లో ఏ ప్రాజెక్టు రిలీజుల పేజీ చిరునామా చివరైనా డాట్ ఆటమ్ తగిలించండి, ఫీడ్ వచ్చేస్తుంది. పొద్దున్న కాఫీ చల్లారేలోపు నా చదువు అయిపోతుంది. చాలా రోజులు చదవడానికి ఏమీ ఉండదు కూడా.

డల్లాస్_డాకర్ · ఆదివారం, ఉదయం 8:05

ఇక్కడ శనివారం రాత్రి. పాతకాపు గారు చెప్పింది కరెక్టే, కానీ చెట్టు గారూ, మీకు అసలు వార్త ఇంకా అందినట్టు లేదు. ఆగిన మెయిళ్ళు చిన్న సంగతి.

సర్టిఫికెట్ల ఆయుష్షే తగ్గిపోతోంది. బ్రౌజర్లవాళ్ళూ సర్టిఫికెట్లు ఇచ్చేవాళ్ళూ కలిసి 2025 ఏప్రిల్‌లో ఓటేసి తీర్మానించారు. అంతకుముందు గరిష్ఠం 398 రోజులు. 2026 మార్చి 15 నుంచి 200 రోజులు. 2027 మార్చి 15 నుంచి 100. 2029 మార్చి 15 నుంచి 47. డబ్బులిచ్చి కొన్నా ఇదే లెక్క. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అయితే ఇప్పుడున్న 90 నుంచి 2028 నాటికి 45కి దిగుతామని పోయిన నెలలోనే చెప్పింది.

అంటే చేత్తో రెన్యూ చేసే రోజులు అయిపోయాయి. వాళ్ళు మెయిళ్ళు ఎందుకు ఆపారనుకున్నారు? అందరూ ఆటోమేట్ చేసుకున్నారు, లక్షల మెయిల్ ఐడీలు దాచుకోవడం ప్రైవసీకి మంచిది కాదు, పైగా ఖర్చు. ఇవే కారణాలు రాశారు.

బ్యాంక్_బాబాయ్ · ఆదివారం, ఉదయం 9:30

డల్లాస్ బాబూ, అక్కడ కూర్చుని ఆటోమేట్ అనడం తేలికే. మా సహకార బ్యాంకులో ఒక లోడ్ బ్యాలెన్సర్ ఉంది, వచ్చేవాళ్ళని సర్వర్లకి పంచే పెట్టె. దానికి ఆటో రెన్యూ అంటే ఏమిటో తెలియదు. ఏడాదికోసారి సర్టిఫికెట్ కొని, దాన్ని పీఎఫ్ఎక్స్ ఫైలుగా మార్చి, బ్రౌజర్లో లాగిన్ అయి, అప్‌లోడ్ చేసి, రీస్టార్ట్ కొట్టాలి. ఆ రీస్టార్ట్‌కి చేంజ్ రిక్వెస్ట్, మేనేజర్ సంతకం, రాత్రి 11 తర్వాతి విండో. ఇప్పుడు ఇది 47 రోజులకోసారా? మా చేంజ్ రిక్వెస్ట్ ఆమోదానికే ఇరవై రోజులు పడుతుంది నాయనా.

చెట్టుగారి ప్రశ్నకి నా వంతు. మన దేశంలో అడ్మిన్ పని చేసేవాళ్ళు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ సైటు చూడటం అలవాటు చేసుకోవాలి. హెచ్చరికలు ఆలస్యమని కొందరు ఈసడిస్తారు కానీ, ఆడిటర్ వచ్చి అడిగేది వాటినే. 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలు చదివారా? సైబర్ ఘటన జరిగిందని తెలిసిన 6 గంటల్లో రిపోర్టు చేయాలి. లాగులు 180 రోజులు ఉంచాలి. సర్వర్ గడియారాలు ప్రభుత్వ సంస్థలు ఎన్ఐసీ, ఎన్‌పీఎల్‌ల టైమ్ సర్వర్లతో కలిసి నడవాలి. మీ కాలేజీ లాగులు ఎన్నాళ్ళు ఉంటున్నాయో ఒకసారి చూసుకోండి. పాత లాగులు తీసేసే లాగ్‌రొటేట్ నాలుగు వారాలకే తుడిచేస్తూ ఉండొచ్చు.

గట్టుమీద_చెట్టు · ఆదివారం, మధ్యాహ్నం 12:10

లేచానండి. చూశాను బాబాయ్ గారూ. నాలుగు వారాలే. నవ్వకండి.

లాగ్_లక్ష్మి · హైదరాబాద్ · ఆదివారం, మధ్యాహ్నం 2:45

పాతకాపు గారంటే నాకు గౌరవం, అయినా 31 లైన్ల జాబితా సరిపోతుందంటే ఒప్పుకోలేను. గురువుగారూ, మీ జాబితాలో లాగ్4జే, అదే జావా ప్రోగ్రాముల్లో లాగులు రాసే లైబ్రరీ, ఉందా?

2021 డిసెంబరు 10, శుక్రవారం. మా టీమ్‌లో ఒకమ్మాయి పెళ్ళి అదే వారాంతం వరంగల్‌లో, సగం మంది బస్సెక్కేశారు. పొద్దున్న నుంచి ట్విటర్‌లో దాని లోపం గురించి ఒకటే గోల. లాగ్‌లోకి వెళ్ళే ఏదో ఒక గడిలో, యూజర్ పేరులోనో బ్రౌజర్ హెడర్‌లోనో, డాలర్ గుర్తూ మీసాల బ్రాకెట్లూ పెట్టి జేఎన్‌డీఐ చిరునామా రాస్తే చాలు, సర్వరు వెళ్ళి అవతలివాడి కోడ్ తెచ్చుకుని నడిపేస్తుంది. వార్త మాకు ఆలస్యంగా ఏమీ రాలేదు, అందరితోపాటే వచ్చింది. మాకు తెలియనిది ఒక్కటే: అది మా దగ్గర ఎక్కడుంది?

మేం నేరుగా వాడింది రెండు సర్వీసుల్లోనే. కానీ జావా ప్రోగ్రాములు కట్టగట్టే జార్ ఫైళ్ళున్నాయే, జార్ లోపల జార్, దాని లోపల ఇంకో జార్. అటక మీది డబ్బాల్లో ఏ పప్పు ఉందో అమ్మమ్మకి తప్ప తెలియనట్టు. ఫైల్ పేరు పట్టుకుని వెతికితే దొరకదు, ఎందుకంటే కొందరు దాన్ని విప్పి తమ జార్‌లో కలిపేసుకుంటారు. చివరికి ప్రతి జార్‌నీ విప్పి జేఎన్‌డీఐ-లుకప్ అనే క్లాస్ ఫైలు కోసం వెతికాం. పదకొండు చోట్ల దొరికింది. అందులో ఒకటి ప్రింటర్లను చూసే సాఫ్ట్‌వేర్. దాన్ని జావాలో రాశారనే ఎవరికీ తెలియదు.

అక్కడితో అయిపోయిందా? లాగ్4జేని 2.15కి మార్చాం. అది చాలదని 2.16 వచ్చింది. తర్వాత 2.17. నెలాఖరుకి 2.17.1. ఆ డిసెంబరులో మేం నాలుగుసార్లు డిప్లాయ్ చేశాం.

కాబట్టి నా మాట: మీరు ఎంచుకుని పెట్టుకున్నవాటి జాబితా ఎటూ ఉండాలి, మీకు తెలియకుండా వచ్చి కూర్చున్నవాటి జాబితా కూడా ఉండాలి. డెవలపర్లు ఎన్‌పీఎమ్ లాక్ ఫైలో, మావెన్ డిపెండెన్సీ ట్రీనో ఒక్కసారి కళ్ళతో చదవండి, మతి పోతుంది. దాంతోపాటు అమెరికా సైబర్ భద్రతా సంస్థ సిసా పెట్టే కెఈవీ జాబితా చూడండి. లోకంలో ఉన్న లోపాలన్నీ అందులో ఉండవు. దాడుల్లో నిజంగా వాడుతున్నట్టు తేలినవే ఎక్కిస్తారు, అందుకే చదవగలిగేంత ఉంటుంది.

పాతకాపు_విశాఖ · ఆదివారం, మధ్యాహ్నం 3:02

లేదమ్మా. ఒప్పుకున్నాను. 32వ లైను రాస్తున్నా.

ప్రాంప్ట్_పరమేశ్ · ఆదివారం, సాయంత్రం 4:15

ఇంత చాదస్తం ఎందుకండీ 2026లో? ఏఐ చాట్‌ని అడిగితే సరిపోతుంది కదా. ఫీడ్లూ, మెయిలింగ్ లిస్టులూ, టెక్స్ట్ ఫైళ్ళూ... మా తాతగారు పంచాంగం చూసినట్టుంది.

లాగ్_లక్ష్మి · ఆదివారం, సాయంత్రం 4:40

పరమేశ్ గారూ, నేనూ రోజంతా వాడతాను, దాంతో నాకు గొడవ లేదు. ఇప్పుడే ఒకదాన్ని అడిగాను: "లెట్స్ ఎన్‌క్రిప్ట్ గడువు మెయిళ్ళు వేరే ఐడీకి రావాలంటే ఏం చేయాలి?" సర్ట్‌బాట్ అప్‌డేట్-అకౌంట్ కమాండ్ చక్కగా రాసిచ్చింది, ఎక్కడ నొక్కాలో వరసగా చెప్పింది. ఆ కమాండ్ కొడితే ఎర్రర్ కూడా రాదు. మెయిల్ మాత్రం ఈ జన్మలో రాదు. "ఇవి ఇంకా వస్తున్నాయా?" అని రెండోసారి గుచ్చి అడిగితే అప్పుడు "అవును, ఆపేశారు" అంది. ఆ రెండో ప్రశ్న అడగాలని తెలియాలంటే చెట్టుగారు అప్పటికే ఆ వార్త చదివి ఉండాలి కదా?

ప్రాంప్ట్_పరమేశ్ · ఆదివారం, సాయంత్రం 4:52

సరే, ఈ రౌండు మీదే.

సీమ_షెల్ · కర్నూలు నుంచి బెంగళూరు · ఆదివారం, రాత్రి 8:30

మీరంతా చెప్పేది వింటాంటే చెట్టన్న రేపట్నుంచి ఒక్క వార్త కూడా వదలకుండా చదివి, వచ్చిన ప్యాచ్ వచ్చినట్టే ఎక్కిస్తాడేమోనని నాకు భయమైతాంది. దానికి అడ్డం పడేదానికే వచ్చినా.

ఎక్స్‌జెడ్ కథ గుర్తుండాదా? 2024 మార్చి 29, గుడ్ ఫ్రైడే. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అని పోస్ట్‌గ్రెస్ డెవలపర్, మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగం. దూరం నుంచి సర్వర్‌లోకి పోయే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఎక్కువ తీసుకుంటాందని తవ్వుకుంటా పోయినాడు. తవ్వితే ఎక్స్‌జెడ్ కంప్రెషన్ లైబ్రరీలోనే బ్యాక్‌డోర్, అంటే దొంగదారి, బయటపడింది. ఓఎస్ఎస్-సెక్యూరిటీ మెయిలింగ్ లిస్టుకు రాసినాడు. ఆ మెయిల్ వెతికి చదవండి, ఏం చూసినాడు, ఏం అనుమానించినాడు, ఏం తేలలేదు, అన్నీ ఉంటాయి. లోపం వెతికేది ఎట్లో నేర్చుకునేదానికి అంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు. జియా టాన్ అనే పేరుతో ఒకడు రెండేండ్లకు పైగా బుద్ధిగా పనిచేసి, నమ్మకం సంపాదించుకుని, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దాన్ని పెట్టినాడు.

ఇప్పుడు చెప్పండప్పా, దానికి ఎవురు దొరికినారు? డెబియన్ టెస్టింగ్, ఫెడోరా రాహైడ్, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్, ఇట్లా అన్నిటికంటే కొత్తది కావాలని ఎగబడినోళ్ళు. డెబియన్ స్టేబుల్ మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నోళ్ళకు ఏమీ కాలేదు. సెక్యూరిటీ ప్యాచ్ వేరు, కొత్త వెర్షన్ వేరు. మొదటిదానికి పరుగెత్తాల, రెండోదానికి అక్కర్లేదు.

ఇంకోటి క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీది. 2024 జులై 19. అప్‌డేట్ వదిలింది మన టైము పొద్దున 9:39కి, వెనక్కి తీసుకుంది 10:57కి. 78 నిమిషాలు. మైక్రోసాఫ్ట్ లెక్కన 85 లక్షల విండోస్ మెషీన్లు నీలం తెర పట్టుకున్నాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చినారు. "మేం ఒక వెర్షన్ వెనకే ఉంటాం, మాకేమీ కాదు" అనుకున్నోళ్ళకు కూడా దెబ్బ తగిలింది. ఎందుకంటే ఆ సెట్టింగు సెన్సర్ అనే వాళ్ళ ప్రోగ్రామ్‌కు మాత్రమే, అది చదివే ఆ కంటెంట్ ఫైళ్ళకు కాదు. ఏ వార్త చదివితే అది ఆగుతుండె? ఆ పొద్దు గట్టెక్కినోళ్ళు ఎవురంటే డిస్క్‌కు తాళమేసే బిట్‌లాకర్ రికవరీ కీలు ఇంకోచోట రాసిపెట్టుకున్నోళ్ళు. కీలు పెట్టిన సర్వరే నీలం తెర పట్టుకున్న ఆఫీసులు ఉన్నాయి సామీ.

మూడోఏడు_బీటెక్ · ఖమ్మం · ఆదివారం, రాత్రి 10:20

అన్నలూ, అక్కా, మధ్యలో వస్తున్నందుకు సారీ. నేను బీటెక్ మూడో సంవత్సరం. పది దాకా తెలుగు మీడియం. లినక్స్ అడ్మిన్ కావాలని ఉంది. మీరు చెప్పేవన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి. కమాండ్ల మాన్యువల్, అదే మ్యాన్ పేజీ తెరిస్తే మొదటి పేరా దాటలేకపోతున్నా. తెలుగులో వీడియోలు చూస్తే ఇన్‌స్టాల్ చేయడం వరకు వస్తుంది, తర్వాత ఎర్రర్ వస్తే ఆ వీడియోలో ఆయనకి రాలేదు, నాకు వచ్చింది. అమీర్‌పేటలో కోర్సు తీసుకోమంటున్నారు. తీసుకోవాలా?

సీమ_షెల్ · ఆదివారం, రాత్రి 10:58

తమ్ముడూ, నేనూ పది దాకా తెలుగు మీడియమే. 2009లో అమీర్‌పేట మైత్రీవనం వెనక సందులో హాస్టల్లో ఉండి నేర్చుకున్నోణ్ణి. గదిలో ఆరుగురం, ఒక్క కంప్యూటర్. జిరాక్స్ షాపులో సార్ నోట్సు స్పైరల్ బైండింగ్ చేసి అమ్ముతాండ్రి. ఆ నోట్సులో కమాండ్లు యథాతథంగా కంఠస్థం చేసినా. ఇంటర్వ్యూకు పనికొచ్చినాయి. ఉద్యోగంలో మొదటి రోజు డిస్క్ నిండిపోయింది, డీఎఫ్ చూస్తే నూరు శాతం, డీయూ వేస్తే సగం కూడా లేదు. చెరిపేసిన లాగ్ ఫైల్‌ను ఏదో ప్రాసెస్ ఇంకా పట్టుకుని ఉండాదని, ఎల్ఎస్ఓఎఫ్ వేసి చూడాలని ఆ నోట్సులో లేదు. కోర్సు వద్దని అనను. క్రమశిక్షణ, నలుగురు దోస్తులు దొరుకుతారు. దాంతోనే వస్తుందని మాత్రం అనుకోవద్దు.

ముందు ఓవర్‌ద వైర్ అనే సైట్లో బ్యాండిట్ అనే ఆట ఆడు. పైసా కట్టేది లేదు. ఎస్ఎస్‌హెచ్‌తో లోపలికి పోవాల, ప్రతి మెట్టులో తర్వాతి మెట్టు పాస్‌వర్డ్ దాచిపెట్టింటారు. మొదట్లోనే ఒక ఫైలు పేరు ఒట్టి అడ్డగీత. క్యాట్ అని కొట్టి ఆ గీత పెడితే ఏమీ రాదు, కర్సర్ అట్లనే మిటకరిస్తా ఉంటుంది. ఎందుకు? గీత పెడితే కీబోర్డు నుంచి చదవమని అర్థం. డాట్ స్లాష్ ముందు పెట్టాల. నేను దానికి రెండు గంటలు కొట్టుకున్నా. ఇప్పటికీ మర్చిపోలేదు చూడు.

లాగ్_లక్ష్మి · ఆదివారం, రాత్రి 11:15

తమ్ముడూ, ఇంగ్లిష్ గురించి ఒక్క మాట. మ్యాన్ పేజీని కథలా మొదటి నుంచి చదవకు, ఎవరూ అలా చదవరు. పెద్ద ఈ అక్షరం షిఫ్ట్‌తో కాదు, షిఫ్ట్ జీ నొక్కితే చివరికి వెళ్తుంది, చాలా పేజీల్లో అక్కడ ఉదాహరణలుంటాయి. ముందు అవి చూడు. తర్వాత స్లాష్ కొట్టి నీకు కావాల్సిన ఆప్షన్ వెతుకు. ఆ ఒక్క పేరా చదువు. చాలు.

రిలీజ్ నోట్సు ఇంకా తేలిక. వాటిలో వాడే ఇంగ్లిష్ మాటలు యాభై దాటవు. నేను చేరిన కొత్తలో నాలుగు మాటలు స్టిక్కీ నోట్ మీద రాసి మానిటర్‌కి అంటించుకున్నా. డిప్రికేటెడ్ అంటే ఇప్పటికి పనిచేస్తుంది, ముందు ముందు తీసేస్తారు. రిమూవ్డ్ అంటే తీసేశారు. బ్రేకింగ్ చేంజ్ అంటే నువ్వు మార్చుకోకపోతే నీది విరుగుతుంది. ఎండ్ ఆఫ్ లైఫ్ అంటే ఇక ప్యాచ్‌లు రావు. పేజీలో ఈ నాలుగూ వెతుకు, దొరికిన చోట చుట్టూ రెండు లైన్లు చదువు. చెట్టుగారి మెయిళ్ళ సంగతి ఈ రకం వాక్యంలోనే ఉండింది.

ఆర్చ్ వికీ కూడా చూడు. ఆర్చ్ వాడకపోయినా సరే, ఏ లినక్స్ వాళ్ళకైనా పనికొస్తుంది.

నల్గొండ_నెట్‌వర్క్ · ఆదివారం, రాత్రి 11:31

అక్కా "పెద్ద ఈ అక్షరం" అని షురూ జేసి "షిఫ్ట్ జీ" అన్నవ్, పోరడు పరేషాన్ అయితడు 😄

లాగ్_లక్ష్మి · ఆదివారం, రాత్రి 11:33

నిద్రమత్తు. షిఫ్ట్ జీ ఒక్కటే. ముందు ముక్క మర్చిపో తమ్ముడూ.

మూడోఏడు_బీటెక్ · సోమవారం, ఉదయం 6:50

రాత్రంతా ఆడాను అక్కా. బ్యాండిట్ 9 దాకా వెళ్ళాను. ఆ గీత ఫైలు సీమ అన్న ముందే చెప్పేశారు, నాకు ఆ రెండు గంటలు మిస్సయ్యాయి.

నిర్వాహకుడు · సోమవారం, ఉదయం 9:00

కోర్సులు అమ్ముకునే రెండు పోస్టులు తీసేశాను. "డెవాప్స్ 45 రోజుల్లో, జాబ్ గ్యారంటీ" గారూ, మళ్ళీ వస్తే ఖాతా ఉండదు. మిగతావాళ్ళు కానివ్వండి.

బ్యాంక్_బాబాయ్ · సోమవారం, మధ్యాహ్నం 1:10

చెట్టుగారూ, ఫీడ్ల సంగతి అలా ఉంచి, గడువు చూసే చిన్న స్క్రిప్ట్ పెట్టారా? మా దగ్గర నేను పెట్టింది నాలుగు లైన్లే. ఓపెన్ఎస్ఎస్ఎల్ ఎస్-క్లయింట్‌తో సైటుకి కనెక్టయి, వచ్చిన సర్టిఫికెట్‌ని చెక్ఎండ్ 1209600 అని అడగడం. అన్ని సెకన్లంటే 14 రోజులు. అంతలోపు గడువు తీరేట్టుంటే నా ఫోనుకి మెసేజ్. దాన్ని ఆ సర్వర్ మీదే పెట్టకండి, బయట ఇంకోచోట పెట్టండి.

డిస్క్ మీద ఉన్న ఫైలుని చూడటం కూడా తప్పే. మాకు ఓసారి సర్టిఫికెట్ శుభ్రంగా రెన్యూ అయింది, ఫైలు కొత్తదే, స్క్రిప్ట్ పచ్చగా నవ్వుతోంది. ఎన్‌జిన్ఎక్స్ మాత్రం రీలోడ్ కాక పాతదే చూపిస్తోంది. కస్టమర్ ఫోన్ చేసి చెప్పాడు. అప్పట్నుంచి రెన్యూ కాగానే నడిచే డిప్లాయ్ హుక్‌లో రీలోడ్ పెట్టాం, బయటివాడి కళ్ళతోనే చూస్తున్నాం.

గట్టుమీద_చెట్టు · సోమవారం, సాయంత్రం 6:20

బాబాయ్ గారి స్క్రిప్ట్ పెట్టానండి, మా ఇంట్లో ఉన్న రాస్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ మీద. పాతకాపు గారి పద్ధతిలో జాబితా కూడా మొదలుపెట్టాను. ఆరు లైన్లు రాసి, అయిపోయిందనుకున్నాను.

తర్వాత డల్లాస్ అన్న నాకు విడిగా ఒక సలహా ఇచ్చారు, సీఆర్‌టీ డాట్ ఎస్‌హెచ్ అనే సైట్లో మా డొమైన్ పేరు కొట్టి చూడమని. ఏ సర్టిఫికెట్ ఇచ్చినా బహిరంగ లాగుల్లో నమోదవుతుందట, అందులో వెతుకుతుందట. కొట్టాను. నాకు తెలిసిన పేర్లు రెండు, అక్కడున్నవి తొమ్మిదండి. అలమ్నై మీట్ 2019 అని ఒకటి. టెస్ట్, టెస్ట్2, టెస్ట్-కొత్త. వాటికిప్పుడు ఐపీలు లేవు. కానీ లైబ్రరీ అని ఒకటుంది, చివరి సర్టిఫికెట్ 2023ది, పింగ్ చేస్తే పలుకుతోంది.

వెతుక్కుంటూ వెళ్ళాను. లైబ్రరీ స్టోర్‌రూమ్‌లో, పాత మ్యాగజైన్ కట్టల వెనకాల ఒక డెస్క్‌టాప్ క్యాబినెట్. ఫ్యాన్ తిరుగుతోంది. మీద దుమ్ము వేలెడు మందం. దాని మీదే లైబ్రేరియన్ గారు పూల కుండీ పెట్టారు. మానిటర్ తగిలిస్తే లాగిన్ తెర మీద సెంటాస్ లినక్స్ 7.

పాతకాపు_విశాఖ · సోమవారం, సాయంత్రం 6:41

2024 జూన్ 30తో దాని సపోర్టు ముగిసింది. ఏడాదిన్నర దాటింది. ఇంటర్నెట్‌కి తెరిచి ఉందా?

గట్టుమీద_చెట్టు · సోమవారం, సాయంత్రం 6:44

ఉందండి. ఆడిట్‌వాళ్ళకి కూడా కనపడలేదు.

నల్గొండ_నెట్‌వర్క్ · సోమవారం, సాయంత్రం 6:46

మంచిగ నడుస్తున్న 80 పోర్టు మూయించిండ్రు గని, గిది ఒదిలేసిండ్రా! ముందు దాని నెట్‌వర్క్ వైరు గుంజు అన్నా. పుస్తకాల లెక్కలు లోపలి నెట్‌వర్క్‌ల తర్వాత నడిపిద్దువు.

సీమ_షెల్ · సోమవారం, రాత్రి 7:15

యమ్ అప్‌డేట్ కొట్టి చూస్తాననుకుంటాండావేమో. మిర్రర్‌లిస్ట్ హోస్ట్ దొరకలేదని అంటాది. ఆ చిరునామానే తీసేసినారు. రెపో ఫైళ్ళలో వాల్ట్ చిరునామా పెడితే పాత ప్యాకేజీలు వస్తాయి, కొత్త ప్యాచ్‌లు రావు. ఆల్మా లినక్స్, రాకీ లినక్స్, ఏదో ఒకదానికి మారిపో. డేటాబేస్ బ్యాకప్ మాత్రం ముందు తీసుకో.

గట్టుమీద_చెట్టు · సోమవారం, రాత్రి 7:22

వైరు పీకేశానండి. బ్యాకప్ తీద్దామంటే రూట్ పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. దీన్ని పెట్టిన కుర్రాడు ఇప్పుడు కెనడాలో ఉన్నాడట. లైబ్రేరియన్ గారు మాత్రం "ఎప్పుడూ ఆగలేదండీ, చాలా మంచి కంప్యూటరు" అంటున్నారు.

పాతకాపు_విశాఖ · సోమవారం, రాత్రి 7:40

బూట్ అయ్యేటప్పుడు గ్రబ్ మెనూలో ఈ (e) అనే అక్షరం నొక్కండి. లినక్స్16తో మొదలయ్యే లైను చివర ఆర్‌డీ డాట్ బ్రేక్ అని చేర్చి కంట్రోల్ ఎక్స్. సిస్‌రూట్‌ని రైట్ మోడ్‌లో రీమౌంట్ చేసి, అందులోకి సీహెచ్‌రూట్ అయి, పాస్‌వర్డ్ మార్చండి. బయటికి వచ్చేముందు రూట్‌లో డాట్ ఆటోరీలేబుల్ అనే ఖాళీ ఫైలు పెట్టడం మర్చిపోవద్దు. మర్చిపోతే ఎస్ఈలినక్స్ మిమ్మల్ని కొత్త పాస్‌వర్డ్‌తో కూడా లోపలికి రానివ్వదు. ఆ రీలేబుల్ పాత డిస్క్ మీద చాలాసేపు పడుతుంది, హ్యాంగ్ అయిందనుకుని పవర్ తీసేయకండి.

రీస్టార్ట్ చేసే ముందు ఇంకొక్కటి. ఇన్నేళ్ళు ఆగకుండా తిరిగిన డిస్క్ ఒకసారి ఆపితే మళ్ళీ తిరుగుతుందన్న హామీ లేదు. లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లోనే ఎక్స్‌పోర్ట్ బటన్ ఏదైనా ఉందేమో ముందు చూడండి. లైబ్రేరియన్ గారి దగ్గర దాని లాగిన్ ఉండే ఉంటుంది.

గట్టుమీద_చెట్టు · సోమవారం, రాత్రి 8:55

ఉందండీ! వైరు లేకపోయినా ఆ మెషీన్‌లోనే బ్రౌజర్ తెరిచి ఆవిడ లాగిన్‌తో ఎక్స్‌పోర్ట్ కొట్టాం. మొత్తం పుస్తకాల జాబితా పెన్‌డ్రైవ్‌లోకి వచ్చేసింది. రీస్టార్ట్ పండగయ్యాక. నా జాబితాలో ఏడో లైను రాశాను, "సపోర్టు ఆఖరు" గడిలో పాత తేదీయే వేశాను.

పూలకుండీ తీసి కిటికీలో పెట్టారు.